గేరు పడకపోతే తప్పు గేర్‌బాక్సుదేనా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో అయిదింటిలో ఒకే బాధ కనిపించింది. అన్నీ పాత బండ్లే, అన్నింటిలోనూ గేరు మొండికేస్తోంది, కొందరికి అందిన సలహా మాత్రం గేర్‌బాక్సు విప్పాలన్నదే. అందుకే ఈసారి శీర్షికంతా ఈ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మాది 2004 నాటి మారుతి 800. మా నాన్నగారు కొన్న కారు కనుక వదులుకోలేక, పదిహేనేళ్లు నిండాక రెండుసార్లు రిజిస్ట్రేషన్ పొడిగించుకొని నడుపుతున్నాం. నాలుగు నెలలుగా సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు ఫస్టు గేరు పడటం లేదు, బలంగా నెట్టాల్సి వస్తోంది. రివర్స్ వేస్తే గర్రుమని శబ్దం వస్తోంది. నడుస్తున్నప్పుడు మూడు, నాలుగు గేర్లకు పెద్ద ఇబ్బంది లేదు. ఒక మెకానిక్ గేర్‌బాక్సులో సింక్రో రింగులు పోయాయంటున్నారు, మరొకరు క్లచ్ ప్లేటు అరిగిందంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ఇద్దరి మాటా ఇప్పుడే నమ్మకండి. ముందుగా మీరే, ఒక్క పానా కూడా పట్టుకోకుండా, ఒక పరీక్ష చేయండి. సమతలమైన చోట కారు ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజను ఆపేయండి. క్లచ్ పూర్తిగా తొక్కి నాలుగు గేర్లూ, రివర్సూ ఒకదాని తర్వాత ఒకటి వేసి చూడండి. ఏదైనా గేరు దగ్గర గేర్‌రాడ్డు ఆగిపోతే కంగారు పడవద్దు. లోపల పళ్లకు పళ్లు ఎదురుపడి ఉండవచ్చు కనుక క్లచ్ వదిలి మళ్లీ తొక్కి, లేదా బండిని జానెడు ముందుకు నెట్టి, తిరిగి ప్రయత్నించండి. తర్వాత ఇంజను స్టార్టు చేసి అదే పని మళ్లీ చేయండి. ఇంజను ఆగి ఉన్నప్పుడు అన్ని గేర్లూ సాఫీగా పడుతూ, ఇంజను తిరుగుతున్నప్పుడు మాత్రమే మొండికేస్తుంటే తప్పు గేర్‌బాక్సుది కాదు, క్లచ్‌ది. రెండు సందర్భాల్లోనూ ఒకేలా గట్టిగా ఉంటేనే గేర్‌రాడ్డు నుంచి గేర్‌బాక్సు దాకా ఉన్న రాడ్లను, ఆ తర్వాత గేర్‌బాక్సు లోపలి భాగాలను అనుమానించాలి.

మీరు రాసిన లక్షణాలను బట్టి మీ కారు మొదటి కోవకే చెందుతుందని నాకు అనిపిస్తోంది. క్లచ్ తొక్కినప్పుడు ఇంజనుకూ గేర్‌బాక్సుకూ సంబంధం పూర్తిగా తెగిపోవాలి. అలా తెగితే గేర్‌బాక్సులోకి వెళ్లే ఇన్‌పుట్ షాఫ్టు కొద్ది సెకన్లలో తిరగడం మానేస్తుంది. సంబంధం పూర్తిగా తెగక, క్లచ్ ప్లేటు ఫ్లైవీలుకు (ఇంజను చివర తిరిగే బరువైన చక్రానికి) కొద్దిగా రాసుకుంటూనే ఉంటే, ఆగిన కారులో చక్రాల వైపు గేర్లు కదలకుండా ఉండగా ఇంజను వైపు షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది. ఫస్టు గేరులోని సింక్రో రింగు, అంటే గేరు పడే ముందు రెండు వైపుల వేగాన్నీ సమానం చేసే రింగు, ఆ షాఫ్టును ఆపాలని ప్రయత్నిస్తుంది, కానీ వెనక నుంచి ఇంజను దాన్ని తిప్పుతూనే ఉన్నప్పుడు ఆ చిన్న ఇత్తడి రింగు ఏం చేయగలదు? మీ చేతికి తగిలే బరువు ఆ పెనుగులాటే. నడుస్తున్న బండిలో మూడు నుంచి నాలుగుకు మారేటప్పుడు వేగాల తేడా తక్కువ కనుక అక్కడ ఇబ్బంది తెలియదు. మారుతి 800లో ముందుకు నడిచే గేర్లన్నింటికీ సింక్రో ఉంది, రివర్స్‌కు లేదు. అందుకే ఫస్టు బరువెక్కితే, రివర్స్ అరుస్తోంది.

ఇంకా రూఢి చేసుకోవాలంటే రివర్స్‌నే సాక్షిగా వాడుకోవచ్చు. కారు ఆగి, ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా, న్యూట్రల్‌లో క్లచ్ పూర్తిగా తొక్కి, మనసులో అయిదు అంకెలు లెక్కపెట్టి, అప్పుడు రివర్స్ వేయండి. అంతసేపు ఆగిన తర్వాత కూడా గర్రుమంటే షాఫ్టు ఇంకా తిరుగుతోందనీ, క్లచ్ విడవడం లేదనీ అర్థం. అలాగే ఎదురుగా మనుషులూ గోడలూ లేని ఖాళీ స్థలంలో ఫస్టు గేరు వేసి, క్లచ్ పూర్తిగా తొక్కే ఉంచి, హ్యాండ్ బ్రేకు దించి, యాక్సిలరేటర్ కొద్దిగా నొక్కండి. కారు అంగుళమైనా ముందుకు జరిగితే మరో రుజువు అక్కరలేదు.

ఇక్కడ ఒక మాట నొక్కి చెప్పాలి. మన వర్క్‌షాపుల్లో క్లచ్‌కు ఏ జబ్బు వచ్చినా ప్లేటు అరిగిందనే అంటుంటారు. కానీ ప్లేటు అరిగితే వచ్చే లక్షణం దీనికి సరిగ్గా వ్యతిరేకం: అప్పుడు క్లచ్ జారుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను హోరెత్తుతుంది కానీ బండి లాగదు, కాలిన వాసన వస్తుంది, గేర్లు మాత్రం చక్కగా పడతాయి. మీ కారులో క్లచ్ పట్టడంలో లోపం లేదు, విడవడంలో ఉంది. వైరుతో పనిచేసే క్లచ్‌లో ప్లేటు అరిగేకొద్దీ పెడల్‌కు ఉండే ఖాళీ కదలిక తగ్గుతూ వస్తుంది, వైరు సాగేకొద్దీ అది పెరుగుతూ వస్తుంది. కనుక ప్లేటు మార్చాలన్న సలహాకు డబ్బు ఖర్చు పెట్టే ముందు, పట్టడం లేదా, విడవడం లేదా అన్న ప్రశ్న తప్పక అడగండి.

ఇక వెతకవలసిన చోట్లు. నవ్వకుండా మొదట కాళ్ల కింది మ్యాట్లు తీసి చూడండి. రబ్బరు మ్యాటు మీద మరో మందపాటి మ్యాటు పరిచి, పెడల్ నేలదాకా వెళ్లకుండా చేసుకున్న కార్లను నేను చాలా చూశాను. పెడల్ చివరి అంగుళంలోనే క్లచ్ విడుస్తుంది కనుక ఆ అంగుళం ఎంతో విలువైనది. తర్వాత పెడల్‌ను చేతితో నెమ్మదిగా నొక్కి, బరువు తగిలే దాకా ఉన్న ఖాళీ కదలికను స్కేలుతో కొలవండి. అది 15 నుంచి 25 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. అంతకంటే ఎక్కువగా ఉంటే, గేర్‌బాక్సు వద్ద రిలీజ్ ఆర్ముకు (క్లచ్‌ను విడిపించే మీటకు) వైరు కలిసే చోట ఉన్న అడ్జస్టింగ్ నట్టు బిగించి తగ్గించవచ్చు. అయితే ఖాళీ అసలే లేకుండా బిగించవద్దు. అలా చేస్తే గేర్లు ఆ రోజుకు బాగా పడతాయి కానీ, రిలీజ్ బేరింగు ఎల్లవేళలా ఒత్తిడిలో తిరిగి అరిగిపోతుంది, ప్లేటు జారి మాడిపోతుంది. నెల తిరగకముందే పెద్ద ఖర్చు ఎదురవుతుంది.

నట్టు మర మొత్తం అయిపోయేదాకా బిగించినా ఖాళీ తగ్గకపోతే వైరు సాగినట్టే. పెడల్ కొక్కెం దగ్గరా, ఆర్ము దగ్గరా వైరు పోగులు ఒక్కొక్కటిగా తెగి మీసాల్లా నిలబడి ఉంటాయేమో టార్చిలైటు వేసి చూడండి. పోగులు తెగిన వైరు ఇవాళో రేపో నడిరోడ్డు మీద పూర్తిగా తెగుతుంది. పైకి బాగానే కనిపిస్తే రెండు చివరలా విప్పి, తొడుగులో వైరును చేతితో అటూ ఇటూ లాగి చూడండి. ఎక్కడైనా గరుకుగా తగిలితే నూనె పోసి సరిపెట్టకుండా కొత్తది వేయించండి. అది వందల్లో తేలిపోయే పని. గేర్‌బాక్సు విప్పే పని వేలల్లో ఉంటుంది.

కొత్త వైరు వేసినా మార్పు లేకపోతే, ఇంజను ఆపి, ఒకరు పెడల్ తొక్కుతుండగా మీరు బానెట్ ఎత్తి రిలీజ్ ఆర్మును గమనించండి. పెడల్ పూర్తిగా వెళ్లినా ఆర్ము కొద్దిగానే కదిలితే పెడల్ ఇరుసు బుష్‌లు అరిగి ఉండవచ్చు, లేదా వైరు తొడుగు ఆనే చోట రేకు వంగుతూ ఉండవచ్చు. ఆర్ము పూర్తిగా కదులుతున్నా క్లచ్ విడవకపోతే అప్పుడు లోపం హౌసింగు లోపల ఉన్నట్టు. అరిగిన రిలీజ్ షాఫ్టు బుష్‌లు, కుంగిన ప్రెషర్ ప్లేటు (క్లచ్ ప్లేటును ఫ్లైవీలుకు అదిమి ఉంచేది) వేళ్లు, వంకరపోయిన క్లచ్ ప్లేటు సాధారణంగా కనిపించే కారణాలు. మీ ఊరు సముద్రపు గాలి వీచే చోటు కనుక మరొకటి కూడా చెబుతాను: వాడకం తక్కువైన కారులో ఇన్‌పుట్ షాఫ్టు గాళ్లు తుప్పు పట్టి, ప్లేటు వాటి మీద వెనక్కి జరగలేక ఫ్లైవీలును అంటిపెట్టుకొని ఉండిపోతుంది. నాన్నగారి జ్ఞాపకంగా దాచుకున్న కారు వారానికి ఒకసారైనా రోడ్డెక్కకపోతే ఇలా జరగడానికి అవకాశం ఎక్కువ.

ఈ దశకు వస్తే గేర్‌బాక్సు కిందికి దించక తప్పదు. కానీ దించడం వేరు, విప్పడం వేరు. క్లచ్ పనికి గేర్‌బాక్సును దించి పక్కన పెడితే చాలు, దాని లోపలి గేర్లను ముట్టుకోవలసిన అవసరమే లేదు. ఈ తేడాను మెకానిక్‌తో ముందే మాట్లాడుకోండి. ఎలాగూ దించుతున్నారు కనుక ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ కలిపి మార్పించండి, షాఫ్టు గాళ్లను శుభ్రం చేయించి, అతి పలుచగా గ్రీజు రాయించండి. గ్రీజు ఎక్కువైతే అది ఎగిరి కొత్త ప్లేటునే పాడు చేస్తుంది. ఇంజను వెనక ఆయిలు సీలు కారుతున్నదేమో కూడా అప్పుడే చూసుకోవాలి.

ప్రశ్న: మాది 2006 నాటి టాటా సుమో. దీని క్లచ్‌కు వైరు లేదు, ఆయిలు మీద పనిచేస్తుంది. ఉదయం గేరు పడదు, క్లచ్‌ను రెండు మూడు సార్లు గబగబా తొక్కితే పడుతుంది. ఆగిన చోట క్లచ్ తొక్కి గేరులోనే ఉంచితే కాసేపటికి బండి తనంతట తానే ముందుకు పాకుతోంది. ప్లేట్లు మార్చి ఏడాది కూడా కాలేదు.
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: రోగం పేరు మీ ఉత్తరంలోనే ఉంది. రెండు మూడు సార్లు తొక్కితే గేరు పడుతోందంటే ఏడాది కిందట వేసిన ప్లేట్లు దోషులు కావు, పెడల్ ఒత్తిడిని వాటి దాకా చేర్చే ఆయిలు దారిలోనే లోపం ఉంది. గబగబా తొక్కితే పడటం గొట్టంలో గాలి చేరిందనడానికీ, తొక్కి ఉంచితే క్రమంగా బండి పాకడం సిలిండరు లోపలి రబ్బరు సీలు ఒత్తిడిని నిలబెట్టలేకపోతోందనడానికీ గుర్తు. మీ బండికి రెండూ ఉన్నట్టున్నాయి.

పెడల్ వద్ద ఉండేది మాస్టర్ సిలిండరు, గేర్‌బాక్సు హౌసింగు వద్ద ఉండేది స్లేవ్ సిలిండరు. మొదట క్లచ్ ఆయిలు పోసే డబ్బాలో మట్టం చూడండి. తగ్గి ఉంటే ఎక్కడో కారుతున్నట్టే. స్లేవ్ సిలిండరు చివరి రబ్బరు టోపీని కొద్దిగా పక్కకు లాగితే తడి కనిపిస్తుందేమో చూడాలి. మాస్టర్ సిలిండరు కారేది లోపలి వైపుకు కనుక పెడల్ కడ్డీ పక్కన, మ్యాటు కింద వేలు పెట్టి చూడాలి. ఎక్కడా తడి లేకపోయినా పెడల్ కుంగుతుంటే, సీలు పక్కనుంచి ఆయిలు వెనక్కి జారుతోందని అర్థం. రెంటినీ కలిపే రబ్బరు గొట్టం పాతబడితే, పెడల్ తొక్కినప్పుడు అది ఏదో మింగిన పాములా ఉబ్బి, ఒత్తిడినంతా తానే తినేస్తుంది; ఒకరు తొక్కుతుండగా మరొకరు గొట్టాన్ని పట్టుకుంటే ఆ ఉబ్బు చేతికి తెలుస్తుంది.

ఒక సిలిండరు సీలు పోతే రెండోదానికీ అదే వయసు కనుక రెంటికీ కొత్త సీళ్ల కిట్లు వేయించడం మంచిది. సిలిండరు లోపలి గోడ మీద గీతలు పడి ఉంటే మాత్రం కిట్టు వేసి లాభం లేదు, సిలిండరునే మార్చాలి. చివరగా గాలి తీయించడం మరవవద్దు. ఇందులో పోయవలసింది డబ్బా మూత మీద రాసి ఉన్న గ్రేడు బ్రేకు ఆయిలు మాత్రమే. అందుబాటులో ఉందని ఇంజను ఆయిలు పోస్తే సీళ్లన్నీ ఉబ్బి పాడవుతాయి. బ్రేకు ఆయిలుకు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది, ఆ తేమే సిలిండర్ల లోపల తుప్పుకు కారణమవుతుంది. అందుకే రెండేళ్లకొకసారి పాతది తీసేసి కొత్తది పోయించాలి. బ్రేకులకు ఈ జాగ్రత్త తీసుకునేవారు కూడా క్లచ్ డబ్బాను మరచిపోతుంటారు.

ప్రశ్న: పాడేరులో ఉంటున్నాం. మా మారుతి జిప్సీలో చలికాలం ఉదయం మొదటి అయిదారు కిలోమీటర్లు సెకండు గేరు అసలు పడదు, పడితే కరకరమంటుంది. ఎండ ఎక్కాక బాగానే ఉంటుంది. గత వేసవిలో గేర్ ఆయిలు మార్పించాం, కాస్త చిక్కగా ఉంటే మంచిదని 140 పోశారు.
– ఒక పాఠకురాలు, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: ఆ 140 ఆయిలే మీ సమస్యకు మొదటి కారణమని నా అభిప్రాయం. చిక్కని ఆయిలు గేర్లను బాగా కాపాడుతుందన్న నమ్మకం మన దగ్గర చాలా బలంగా ఉంది. సింక్రో ఉన్న గేర్‌బాక్సుకు అది చేటు చేస్తుంది. గేరు వేసినప్పుడు ఇత్తడి రింగు ఉక్కు కోను మీద ఆని, రాపిడితో రెంటి వేగాన్నీ సమానం చేయాలి. ఆ రాపిడి పుట్టాలంటే మధ్యలో ఉన్న ఆయిలు పొరను రింగు లోపలి సన్నని గాడులు తుడిచేయాలి. మీ ఏజెన్సీ చలిలో పాకంలా మారిన ఆయిలును అవి తుడవలేవు, రింగు జారుతుంది, పళ్లు ఒరుసుకుంటాయి. బండి వేడెక్కి ఆయిలు పలచబడగానే రింగుకు మళ్లీ పట్టు దొరుకుతుంది. అన్ని గేర్లలోకీ సెకండే ముందు ఫిర్యాదు చేయడానికి కారణం ఉంది: ఘాటు రోడ్డులో దాని వాడకం ఎక్కువ, ఫస్టుకూ సెకండుకూ మధ్య వేగాల తేడా కూడా ఎక్కువ.

ఆయిలు తీయించి, బండి పుస్తకంలో ఉన్నట్టు 75డబ్ల్యూ-90 లేదా 80డబ్ల్యూ-90 పోయించండి. డబ్బా మీద మరో అక్షరం కూడా చదవాలి. గేర్‌బాక్సుకు జీఎల్-4 అని ఉన్నది కావాలి. జీఎల్-5 డిఫరెన్షియల్‌కు (ఇరుసు మధ్యలో రెండు చక్రాలకూ శక్తిని పంచే పెట్టెకు) ఉద్దేశించినది. అందులో అధిక ఒత్తిడిని తట్టుకోవడానికి కలిపే గంధకం, భాస్వరం మందులు ఎక్కువ మోతాదులో ఉంటాయి, అవి ఇత్తడి రింగులకు హాని చేయగలవు, పైగా రింగుకు కావలసిన రాపిడిని తగ్గిస్తాయి. దుకాణంలో అది ఖరీదైనది కనుక మెరుగైనదని చెప్పినా మీరు ఒప్పుకోకండి. జిప్సీలో గేర్‌బాక్సుకు ఒక ఆయిలు, ముందు, వెనక ఇరుసులకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసుకు విడిగా మరొకటి ఉంటుంది కనుక రెంటినీ చూడమని చెప్పండి.

ఆయిలు మార్చేటప్పుడు ముందు పైనున్న పోసే ప్లగ్గు విప్పించి, అది ఊడిందని నిర్ధారించుకున్న తర్వాతే కిందిది విప్పనివ్వండి. పై ప్లగ్గు బిగిసిపోయి ఊడకపోతే, ఆయిలు లేని గేర్‌బాక్సుతో బండి అక్కడే నిలిచిపోతుంది. దిగిన ఆయిలును పారబోయకముందు శుభ్రమైన పళ్లెంలో పట్టి ఎండలో చూడండి. అడుగు ప్లగ్గు అయస్కాంతానికి బూడిద రంగు మెత్తని ముద్ద అంటుకొని ఉంటే అది వయసుతో వచ్చేదే. బంగారు రజనులా మెరుపు చాలా ఎక్కువగా ఉంటే ఇత్తడి రింగులు అరుగుతున్నాయి. చేతికి గుచ్చుకునే ఉక్కు ముక్కలు కనిపిస్తే బండి నడపడం ఆపి, గేర్‌బాక్సు విప్పించాలి. గేర్‌బాక్సు విప్పాలని ఏ మెకానిక్ అయినా అంటే అప్పుడు మాత్రం ఆయన నిజమే చెప్పినట్టు.

సరైన ఆయిలుతో నెల నడిపినా సెకండు బాధ పోకపోతే, పాత లారీ డ్రైవర్లు చేసే డబుల్ క్లచ్ ప్రయత్నించండి. క్లచ్ తొక్కి న్యూట్రల్‌లోకి తెచ్చి, ఒకసారి వదిలి, మళ్లీ తొక్కి సెకండులోకి వేయండి. థర్డు నుంచి సెకండుకు దిగేటప్పుడైతే, న్యూట్రల్‌లో క్లచ్ వదిలినప్పుడు యాక్సిలరేటర్ కొద్దిగా ఇవ్వండి. ఇలా చేస్తే సాఫీగా పడుతూ, మామూలుగా వేస్తే కరకరమంటుంటే సెకండు సింక్రో రింగు అరిగిందని తేలినట్టే. అంతమాత్రాన వెంటనే విప్పించక్కరలేదు. తొందరపడకుండా గేరు మారుస్తూ అలాంటి బండ్లను ఏళ్ల తరబడి నడుపుతున్నవారున్నారు.

ప్రశ్న: మా చిన్న కారులో ఇంజను ఆపి ఉన్నా గేరు గట్టిగానే ఉంటోంది. గేర్‌రాడ్డు వదులుగా ఊగుతుంది, ఫస్టు అనుకొని వేస్తే థర్డు పడుతోంది. వానాకాలం తర్వాత ఎక్కువైంది.
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఇది క్లచ్ బాధ కాదు, గేర్‌రాడ్డు నుంచి గేర్‌బాక్సు దాకా వెళ్లే లింకేజీ బాధ. కొన్ని కార్లలో అది కడ్డీ, కొన్నింటిలో రెండు కేబుళ్లు. కడ్డీ అయితే కీళ్ల దగ్గర ఉండే ప్లాస్టిక్, రబ్బరు బుష్‌లు అరిగి ఊగిసలాట వస్తుంది, వాన నీటితో చేరిన బురద ఎండి బిగుసుకుపోవడంతో బరువు వస్తుంది. కేబుళ్లయితే తొడుగు చిరిగి నీళ్లు చేరి తుప్పు పట్టి ఉంటాయి. బండిని ర్యాంపు మీద పెట్టించి, ఒకరు గేర్‌రాడ్డు కదుపుతుండగా కింద నుంచి చూడమనండి. ఏ కీలు దగ్గర కదలిక పోతోందో కంటికే కనిపిస్తుంది. జాకీ మీద మాత్రమే నిలిపిన కారు కిందికి ఎవరినీ దూరనివ్వవద్దు. ఇంజను మౌంటింగులు కూడా చూపించండి. అవి చిరిగితే యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడల్లా ఇంజనూ గేర్‌బాక్సూ కలిసి ఒరిగి లింకేజీని లాగేస్తాయి.

ప్రశ్న: మా తాతగారి నాటి మూడు గేర్ల జీపును బాగు చేయించాం. నెమ్మదిగా నడుస్తుండగా ఫస్టు వేస్తే విపరీతమైన శబ్దం. గేర్‌బాక్సు మళ్లీ విప్పాలంటున్నారు.
– ఒక పాఠకుడు, భద్రాచలం

జవాబు: విప్పకండి. తొలినాటి విల్లీస్ జీపుల తరహా ఆ మూడు గేర్ల పెట్టెలో సెకండుకూ థర్డుకూ మాత్రమే సింక్రో ఉంది, ఫస్టుకు తయారీలోనే లేదు. నడుస్తున్న బండిలో ఫస్టు వేయాలంటే పైన చెప్పిన డబుల్ క్లచ్‌తో, న్యూట్రల్‌లో యాక్సిలరేటర్ ఇచ్చి వేయాలి. అది చేతికి అలవాటయ్యే దాకా జీపును పూర్తిగా ఆపి ఫస్టు వేయండి. ఆగి ఉన్నప్పుడు కూడా, క్లచ్ తొక్కి అయిదు అంకెలు లెక్కపెట్టిన తర్వాతా శబ్దం వస్తే, కాకినాడ పాఠకుడికి రాసిన జవాబులోని క్లచ్ పరీక్షలు మీకూ వర్తిస్తాయి.